నేను పంపని నాలుగు వాక్యాలు

దయ్యాలను నమ్మేంత తీరిక నాకెప్పుడూ లేదు. యుద్ధవార్తలు రాసే ఉద్యోగంలో శవాలకు పది అడుగుల దూరంలో కూర్చుని అన్నం తిన్నవాణ్ణి. చచ్చినవాళ్లు లేచొచ్చే మాటే నిజమైతే నా దగ్గరికి రావలసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక్కడూ రాలేదు. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

డెబ్బై ఒకటి డిసెంబరు. యుద్ధం మొదలైంది. విశాఖపట్నంలో దీపాలార్పేశారు, కిటికీలకు నల్లకాగితాలు అంటించారు. సముద్రం మీదికి ఎవరూ వెళ్లకూడదని మైకుల్లో చెప్పారు. జాలరిపేటలో ఎల్లాజీ అనే ఆయన, ఇంట్లో గింజలు లేక, తెల్లవారుజామున ఒక్కడే తెప్ప వేసుకుని వెళ్లాడు. కాసేపటికి సముద్రంలో ఏదో పేలిన చప్పుడు ఒడ్డుకి వినబడింది. మర్నాడు తెప్ప దుంగ ఒకటి కొట్టుకొచ్చింది. ఒక పక్క కాలి ఉంది. మనిషి రాలేదు.

నేనప్పుడు ఒక దినపత్రికకు విలేకరిని. పత్రికలవాళ్లకు సమాచారం చెప్పే ఆఫీసరుగారిని వెళ్లి అడిగాను. ఆయన లెక్క ఆయనకుంది. వెళ్లొద్దన్నారు కాబట్టి ఎవరూ వెళ్లలేదు. వెళ్లలేదు కాబట్టి ఎవరూ పోలేదు. టీ తాగి వెళ్లమన్నాడు. ఆ టీ ఆయన మొహాన కొట్టనందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

ఎల్లాజీ భార్య నూకాలమ్మ ఒడ్డునే కూర్చుని ఉంది. శవం దొరకలేదు. ఆమె గాజులు తీయాలో ఉంచుకోవాలో పేట పెద్దలు తేల్చలేకపోయారు. బతికున్నవాడికి కర్మ చేయకూడదు, పోయినవాడికి చేయకుండా ఉండకూడదు.

“ఉన్నాడో పోనాడో ఎవులైనా ఒక్కమాట సెప్పండి బాబూ,” అంది.

పేపర్లో వేయిస్తానని మాటిచ్చాను. పేటవాళ్లు ఆమెను ఇంటికి తీసుకెళ్లాక, ఒడ్డునే నిలబడి నోటుపుస్తకంలో నాలుగు వాక్యాలు రాశాను. మొదట ‘మరణించి ఉండవచ్చు’ అని రాసి, కొట్టేసి, ‘మరణించారు’ అని రాశాను. చివరి వాక్యం ఇది: ‘ఈయన పేరు ఎవరి జాబితాలోనూ లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.’ ఆ కాగితం ఎవరికీ చూపించలేదు, చదివి వినిపించలేదు.

తారాఫీసు నుంచి ముందు ఎడిటరుకు ట్రంక్ కాల్ చేశాను. “దేశమంతా గెలుస్తున్నామని సంబరపడుతుంటే మధ్యలో నీ ఏడుపేంటయ్యా?” అన్నాడు. ఆ సాయంత్రం మెయిలుకే సరిహద్దుకు బయల్దేరమన్నాడు. సరిహద్దు వార్తలంటే పేరొస్తుంది. కాగితాన్ని ముక్కలు ముక్కలు చేసి పక్కనున్న మురిక్కాలవలో పారేసి రైలెక్కాను. ఆఫీసరు చింపలేదు, ఎడిటరు చింపలేదు. నేనే చింపాను.

పన్నెండేళ్లు గడిచాయి. అప్పటికి యుద్ధాలంటే రోత పుట్టి, విశాఖపట్నంలోనే ద్వారకా నగర్‌లో ఒక గది తీసుకుని ఉక్కు ఫ్యాక్టరీ వార్తలు రాసుకుంటున్నాను. ఎండుచేపలమ్మే ఆడవాళ్ల గురించి రాద్దామని ఒకరోజు మిట్టమధ్యాహ్నం జాలరిపేట వెళ్లాను. చేపలు ఎండబెడుతున్న నూకాలమ్మ నన్ను గుర్తుపట్టింది. ఆమె చేతులకు గాజుల్లేవు. తిడుతుందని తల దించుకుని నిలబడ్డాను.

“రా బాబూ, కూకో. నువ్వు ఆ రోజొచ్చి సదవకపోతే ఏ సంగతీ తెలక నాను ఎదురుసూత్తూనే సచ్చిపోదును,” అంది.

ఏం చదివానని అడిగాను.

“అదేటి బాబూ, మర్సిపోనావా? మా ఆయిన పోయిన ఐదోనాడు పొద్దున్నే ఒచ్చినావు గదా. పేటంతా కూకుంటే కాయితం సదివినావు. ముందల ‘మరణించి ఉండవచ్చు’ అన్నావు. ఆగినావు. ‘కాదు, మరణించారు’ అన్నావు. అప్పుడు గదా పెద్దోలు కర్మకి ఒప్పుకున్నారు.”

తర్వాత నా చివరి వాక్యం అప్పజెప్పింది. అక్షరమ్ముక్క రాని మనిషి. ‘జాబితా’ అన్న మాట ఆ పేటలో ఎవరూ వాడరు. ఆమె ఒక్క మాట పొల్లు పోకుండా చెప్పింది.

ఆమె మరిదిని అడిగాను. భుజాన సంచీ, కాలికి తెగిన చెప్పు, వచ్చింది నువ్వేనన్నాడు. ఆ ఐదోనాడు పొద్దున నేను సరిహద్దులో, సైనిక ఆసుపత్రి గుడారంలో ఉన్నాను. అక్కడి నుంచి పంపిన టెలిగ్రాము నకలు, ముద్రతో సహా, నా దగ్గరుంది. చెప్పు తెగిన మాట మాత్రం నిజమే. అది తెగింది మెయిలు ఎక్కేటప్పుడు.

ఎవరైనా ఆ ముక్కలు ఏరి అతికించారేమో అని కూడా ఆలోచించాను. మురిక్కాలవలో సిరా నిలుస్తుందా? నిలిచిందే అనుకుందాం, నా మొహం ఎవడు అతికించుకుంటాడు?

ఆ వచ్చినదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. భయం వేయలేదు. ఒళ్లు మండింది. పెద్ద పెద్ద యుద్ధాల గురించి కట్టలకొద్దీ రాశాను, మెడలో దండలు వేయించుకున్నాను. ఒక మనిషికి పనికొచ్చిన వార్త ఒక్కటే రాశాను, అది చించేశాను.

నేను కాదమ్మా అని చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే నూకాలమ్మ ఉప్పు చేతులు చీరకు తుడుచుకుని నాకు దణ్ణం పెట్టింది. నేను నోరు మూసుకుని ఆ దణ్ణం తీసుకున్నాను.