నూనెకో నవ్వు, తాడుకో కత్తెర

మా ఆయన దేవుణ్ణి నమ్మడు. పెళ్లికి ముందే చెప్పాడు, నాకు నచ్చింది కూడా. నేను బాప్టిస్టు చర్చి కుటుంబంలో పుట్టాను, ఆయన వరి పండించే హిందువుల ఇంట్లో. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నాం. మతం పేరున మా ఇంట్లో ఎవరూ చిన్నబోరన్న ధైర్యంతో విజయనగరంలో కాపురం పెట్టాను.

బాబు పుట్టిన కొన్ని నెలలకి నిద్రలో ఉలిక్కిపడి ఏడవడం మొదలుపెట్టాడు. డాక్టరు ఏమీ లేదన్నారు. ఏమీ లేదంటే నా భయం ఇంకా పెరిగింది. ఊపిరి ఆడుతోందో లేదోనని వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి కూర్చునేదాన్ని.

సాలూరు నుంచి అమ్మ ప్రార్థన చేయించిన నూనె తెచ్చింది. బాబు నుదుటికి రాస్తుంటే మా ఆయన అందుకున్నాడు.

"అత్తా, దేవుడి నూనైనా గానుగ నూనైనా జిడ్డు ఒకటేనే."

"నీ బుర్రకీ రాయాలల్లుడా, అప్పుడుగానీ దారికి రావు."

ఆయన నిజంగానే తల వంచాడు. అందరం నవ్వాం. గుమ్మంలో నిలబడ్డ ఎదురింటి అక్క కూడా నవ్వింది.

ఆ అక్క ముస్లిం. నాకు ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగం ఖాయమైంది. పగలు బాబుని తనే చూస్తానంది. నా తర్వాత వాడు ఏడవకుండా ఉండేది ఆమె చంకలోనే.

సాయంత్రం నమాజు ముగించుకుని వచ్చేవాళ్ల చేత మసీదు గుమ్మం దగ్గర దిష్టి పోవాలని పిల్లల మీద ప్రార్థన చదివించి ఊదించుకోవడం ఇక్కడ అన్ని మతాలవాళ్లూ చేసేదే. తర్వాతి వారం అక్క బాబుని అలాగే తీసుకెళ్లి, చేతికి నల్లతాడు కట్టించి తెచ్చింది. మా ఆయన కత్తెర తెచ్చాడు. బాబు ఆమె చంకలో ఉండగానే తాడు కత్తిరించాడు.

"ప్రశ్నంటే మీ వాళ్లకి భయం. మీ పిల్లల్ని ఎలాగైనా పెంచుకోండి. మావోణ్ణి వదిలీండి."

అక్క బాబుని నాకిచ్చి వెళ్లిపోయింది.

"అమ్మ నూనెకి నవ్వావు. దీనికేటయింది బావా?" అన్నాను.

"అదీ ఇదీ ఒకటేనేటి?"

"తేడా ఏటో సెప్పు మరి."

"మీయమ్మ మన మనిషి. వీళ్లు వేరు. ఫోన్లో సూడు, లోకంలో ఏటవతందో."

ఆ తాడు పనిచేస్తుందని నేనూ నమ్మను. నూనెనీ నమ్మను. కానీ ఆయన మిషన్ స్కూల్లో చదివాడు, బైబిల్‌ని తప్పుపట్టేటప్పుడు అధ్యాయం, వచనం చూపిస్తాడు. ఖురాను మాత్రం ఎప్పుడూ తెరవలేదు. ఇస్లాం గురించి ఆయనకి తెలిసిందంతా ఫోన్లోకి వచ్చే వీడియోలే. అక్కడ పుస్తకంతో వాదిస్తాడు, ఇక్కడ మనుషుల మీద తీర్పు చెబుతాడు. ఆయనలాగే దేవుణ్ణి నమ్మని స్నేహితుడొకడు దీనికి తిరగేసిన మనిషి. చర్చిని ఎంతైనా ఎగతాళి చేస్తాడు, మసీదు ఊసెత్తితే "వాళ్లసలే భయంలో ఉన్నారు, ఇప్పుడొద్దు" అంటాడు. ఆ మాటలో దయ ఉంది. అయినా ముస్లింలు ఎదురుగా కూర్చోబెట్టుకుని సమానంగా వాదించదగ్గవాళ్లని ఇద్దరిలో ఎవరూ అనుకోరు.

రెండ్రోజులాగి ఎదురింటికి వెళ్లాను.

"తమ్ముడు దేవుణ్ణి నమ్మడని నాకెరికే సెల్లీ," అంది అక్క. "మీయమ్మని ఎక్కిరించినట్టే నన్నూ ఎక్కిరిస్తాడనుకున్నాను. నవ్వుకుందుము."

"బాబుని పగలు..." అన్నాను.

"రేపొద్దున్న వాడికి సిన్న జొరమొచ్చినా నా మీదకే వస్తాది. నా వల్ల కాదు."

ఆమె అన్నది నిజం.

మా ఆయన క్షమాపణ చెబుతానన్నాడు, గొంతు పెంచినందుకు మాత్రమే. వద్దన్నాను. స్కూలుకి ఫోన్ చేసి రాలేనని చెప్పేశాను. వాళ్లు కారణం కూడా అడగలేదు.

ఎదురింటి తలుపు చప్పుడైతే బాబు ఇప్పటికీ అటు చేతులు చాస్తాడు. నేను వాణ్ణి ఎత్తుకుని లోపలికి వెళ్లిపోతాను.