తొడిమ ఉన్న కాయ దొర్లింది

దెయ్యాలను నేను నమ్మను. మా ఆయన పోయాక కూడా ఆగిరిపల్లి తోటల్లో ఒంటరిగా కాపలా కాసినదాన్ని. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు కాబట్టి, నేను చెబుతుంటే మా అమ్మాయి ఝాన్సీ రాస్తోంది. తన గొప్ప తాను రాయనంటోంది. రాయాల్సిందే అన్నాను.

ఝాన్సీ తీరం వెంట సరుకు మోసే చిన్న ఓడకు కెప్టెన్. మామిడికాయలు ఏరుకుని బతికిన ఇంట్లో పుట్టిన పిల్ల. మొదటిసారి ఓడను తన చేతికి అప్పగించిన వేసవిలో, బయల్దేరే ముందు ఇంటికి వచ్చింది. కాకినాడలో కొన్న సముద్రం చార్టులు వెంట తెచ్చింది.

"ఓడలో దారి చూపే స్క్రీన్ ఉందిగా, ఈ కాగితాలెందుకే?" అని అడిగాను.

"స్క్రీన్ ఆరిపోతే సముద్రం ఆగదమ్మా" అంది.

వసారాలో కాయలు పోసే పట్టా మీద చార్టు పరిచింది. నీళ్ల మీదంతా అంకెలే. అవి లోతులట. తీరమంతా ఒకే కాగితంలో పట్టించినది దూరం పోవడానికి సరిపోతుందట. ఒడ్డుకు దగ్గరయ్యేచోట మాత్రం కొద్ది మేరనే పెద్దగా చూపించేది కావాలట, అదీ కొత్తగా అచ్చయినదే కొనాలట. రోడ్డు మీంచి తోటను చూడడానికీ, చెట్టు కింద నిలబడి చూడడానికీ ఉన్న తేడా అనుకున్నాను. తను ఆగే రేవులకు పెద్దవి కొంది. ఆగని చోట్లకు కొనలేదు.

కాగితం చుట్ట చుట్టుకుపోతుంటే మూలకొక కాయ పెట్టాను. మా ఆయన తన చేత్తో అంటుకట్టిన రసాల చెట్టువి. సొన కారకుండా బెత్తెడు తొడిమతో కోసినవే ఏరి పెట్టాను. అంత తొడిమ ఉన్న కాయ దొర్లదు. మామిడి పని చేసే ఎవరినైనా అడగండి.

పట్టపగలు. గాలి లేదు. ఒక కాయ మూల నుంచి కదిలి, తొడిమతో సహా దొర్లుకుంటూ పోయి చార్టులో ఒక ఏటి మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసేచోట ఆగింది. ఝాన్సీ తీసి మళ్లీ మూలన పెట్టింది. మళ్లీ అక్కడికే వచ్చింది. ఈసారి తొడిమ విరిగి సొన కారింది. తుడిచేలోపే అంకెల మీద మచ్చ పడిపోయింది.

"రాయి దొరకలేదా నీకు?" అని కసిరింది.

"తోటలో రాళ్లకంటే కాయలే చేతికందుతాయి" అన్నాను.

"మచ్చ కింద లోతెంతో కనపడదు. ఇలాంటి చార్టుతో నేను ఓడ తియ్యనమ్మా."

కాకినాడ వెళ్లి కొత్తది కొంది. ఏమనుకుందో ఏమో, ఆ మొగను పెద్దగా చూపించే చార్టు కూడా తీసుకుంది.

ఆ ప్రయాణంలోనే గాలి మారింది. ఓడలో కరెంటు పోయి స్క్రీన్ ఆరిపోయింది. ఇంజిను తడబడింది. రేవు అందేలా లేదు. దగ్గరలో ఉన్నది ఆ మొగే. తీరమంతా ఉన్న చార్టులో అక్కడ ఇసుకతిన్నె గుర్తుగా చుక్కలే ఉన్నాయట. పెద్దదానిలో తిన్నె పక్కనుంచి లోతైన దారి కనిపించిందట. ఝాన్సీ ఆ అంకెలు చూసుకుంటూ, అడుగడుగునా లోతు కొలిపించుకుంటూ ఓడను లోపలికి తెచ్చి లంగరు వేయించింది. ఓడలో ఉన్నవాళ్లందరూ క్షేమంగా ఇళ్లకు చేరారు.

వాళ్లలో ఓడ పనివాళ్లకు పెద్ద, ముసలి సరంగు ఒకాయన నాకు ఫోన్ చేశాడు. "మీ అమ్మాయిగారి గొంతు ఒక్కసారి కూడా వణకలేదండీ" అన్నాడు. ఈ మాట దగ్గర ఝాన్సీ కలం ఆపేసింది. బతిమాలి రాయించాను.

ఓడను ఒడ్డుకు తెచ్చింది నా కూతురు, కాయ కాదు. అది ఎవరి ముందైనా చెబుతాను. కాయ ఎందుకు దొర్లిందో మాత్రం నాకు తెలియదు. నేల వాలు అనుకుందామంటే, తర్వాత అదే చోట ఎన్నో కాయలు పెట్టి చూశాను. ఒక్కటీ కదలలేదు. మా ఆయనే అనుకుందామంటే, ఆయన తన జన్మలో సముద్రం చూడలేదు.

ఈ ఏడాది బయల్దేరేటప్పుడు ఝాన్సీ ఆ చెట్టు కాయ ఒకటి తొడిమతో కోసి సంచిలో పెట్టుకుంది. చార్టు ఎగరకుండా బరువుకట.

రాయి దొరకలేదా అని నేను అడగలేదు.