తూము దగ్గర చూడాల్సిన పోటు

రెండేళ్ల కిందట ఒక పెద్దమనిషి లెక్క తప్పని తేల్చేసి వచ్చాను. లెక్కల మాస్టారుగా రిటైరైనా ఆ నోటిదురుసు మాత్రం రిటైరవలేదు. తప్పు ఆయనదో నాదో తేల్చుకోడానికే ఈ ప్రయాణం.

ఉదయం ఆరున్నర దాటాక విజయనగరంలో పాసింజరెక్కాను. ఎదుటి సీట్లో పలాస జీడిపప్పు వ్యాపారి. భావనపాడులో పోటు ఎప్పుడొస్తుందో లెక్కకట్టిన పుస్తకం చూడబోతున్నానంటే పగలబడి నవ్వాడు.

"సముద్రానికి లెక్కేటి మాస్టారూ? దానికి నచ్చినప్పుడు వస్తాది, పోతాది!"

తొమ్మిదిన్నరకి నౌపడలో దిగి, ఇడ్లీ తిని, షేర్ ఆటోకి ముప్ఫై రూపాయలిచ్చి పదిన్నరకల్లా ఊరు చేరాను.

పుస్తకం పార్వతమ్మగారి దగ్గరుంది. రాసింది ఆవిడ తాత అప్పలస్వామి మాస్టారు. ఐదో తరగతితో చదువాపి, పొలం చేసుకుంటూ ఊరి పిల్లలకి ఎక్కాలు చెప్పిన మనిషి. గాట్లు పెట్టిన వెదురుబద్ద నీళ్లలో పాతి, పన్నెండేళ్లు పోటు కొలిచాడు. తిథి మారిన కొద్దీ పోటు రెండు గడియలు, అంటే నలభై ఎనిమిది నిమిషాలు, ఆలస్యమవుతుందని పట్టుకున్నాడు. అక్కడితో ఆగలేదు. అష్టమి దగ్గర రెండు గడియలు చాలవని కూడా రాశాడు. అష్టమినాడు సూర్యుడూ చంద్రుడూ నీటిని చెరోవైపు లాగుతారని నేను కాలేజీలో చదువుకున్నాను. ఆయన వెదురుబద్ద మీద చూశాడు. ఆ పేజీ ముట్టుకుంటే ఒళ్లు గగుర్పొడిచింది.

అయినా రెండేళ్ల కిందట ఒడ్డున నిలబడి చూసి, వేళలు గంటకు పైగా తప్పాయని చెప్పింది నేనే. ఆ పట్టిక బడిగోడ మీద రాయిద్దామనుకున్నవాళ్లు నా మాట విని మానేశారు. పుస్తకం పెట్టెలోకి పోయింది.

"మళ్లీ ఒక్కసారి సూడండి మాస్టారూ. తప్పే అయితే నాను ఆ పెట్టి మరి తియ్యను," అందావిడ.

ఆ రోజు బహుళ చవితి, సూర్యోదయం ఆరూ ఐదుకి. పట్టిక ప్రకారం సూర్యోదయం నుంచి పద్దెనిమిది గడియలకి, అంటే ఒంటిగంటా పదిహేడుకి, పోటు నిండాలి. ఒడ్డున నిలబడ్డాం. పన్నెండూ ఐదుకే నీరు వెనక్కి తగ్గడం మొదలెట్టింది. పార్వతమ్మగారు నా వాచీ వైపు చూసి తల దించుకుంది.

పార్వతమ్మగారి పక్కపొలం రైతు సింహాచలం మమ్మల్ని చూసి ఆగాడు. విషయం విని, "ఇక్కడ సూత్తన్నారేటి బాబూ? అప్పలస్వామి మాస్టారు చేపలేటకెళ్లే మనిషేటి? రైతు! తూము కాడ సూడాలి," అన్నాడు.

పోటు వేళ సముద్రపు ఉప్పునీరు ఏట్లోంచి పొలాల్లోకి ఎగదన్నకుండా తూము తలుపు మూస్తారు. పోటు తిరిగాకే ఎత్తాలి. తొందరపడితే వరి చస్తుంది. ఆ వేళ కోసమే మాస్టారు లెక్క కట్టాడు. సముద్రంలో నిండిన పోటు ఏటి వెంట తూము దాకా చేరడానికి గంటకు పైగా పడుతుంది.

ఆటోలో తూము దగ్గరికి పరిగెత్తాం. ఒంటిగంటకి నీళ్లింకా ఎక్కుతున్నాయి. ఏట్లో ఒక గడ్డిపరక పొలాలవైపు కొట్టుకొస్తోంది. ఒంటిగంటా ఇరవైకి ఆగింది. కాసేపు అక్కడక్కడే తిరిగి, మెల్లగా సముద్రం వైపు మళ్లింది.

చేతులెత్తి దణ్ణం పెట్టాను. పార్వతమ్మగారు కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "పుస్తకం మరి పెట్టిలో ఎట్టను," అంది.

సాయంత్రం నౌపడలో తిరుగురైలెక్కాను. ముప్ఫయ్యేళ్లు పిల్లల పుస్తకాల్లో తప్పు, తప్పు అని ఎర్రసిరాతో కొట్టేశాను. నువ్వెక్కడ నిలబడి కట్టావురా ఈ లెక్క అని ఒక్కణ్ణీ అడిగిన గుర్తు లేదు.