బాగ్దాదు నుంచి మూడో పంక్తి దాకా

అఖ్తర్ హుస్సేన్‌కు రెండు విషయాల మీద ఖచ్చితమైన అభిప్రాయాలున్నాయి: తాగునీటిలో క్లోరిన్ ఎంత ఉండాలి, ఉపన్యాసం ఎంతసేపు ఉండాలి. మొదటి అభిప్రాయంతో సింగపూరులోని ఒక నీటి పరీక్షశాలలో ఉద్యోగకాలమంతా గడిపి విరమించాడు. రెండోది ఇంకా విరమించలేదు. హైదరాబాదు దారుల్‌షిఫాలో పుట్టి సింగపూరు బెడోక్ పేటలో స్థిరపడిన ఈ రసాయన శాస్త్రవేత్త, తెలుగు సంఘం నెలవారీ సమావేశాల్లో భోజనానికి ముందు గంటసేపు ‘విజ్ఞాన ప్రసంగం’ నడిపిస్తాడు. వక్త దొరకని నెల తానే వక్త. దొరికిన నెల, వక్తను సరిదిద్దే పని ఆయనది.

ఆ గంటకే ఇప్పుడు ఎసరు పెట్టారు. పెట్టినవాడు వడ్డన దళం నాయకుడు, తెనాలి జనార్దన్.

కోవిడ్ కాలంలో వసతిగృహాల్లో చిక్కుకున్న కార్మికులకు అన్నం పొట్లాలు అందించిన కుర్రాళ్ళ బృందం అది. మంచి పనే, అఖ్తర్ కూడా అప్పట్లో చప్పట్లు కొట్టాడు. మహమ్మారి పోయింది, దళం పోలేదు. సంఘం వంటగది తాళాలు దాని దగ్గరే ఉండిపోయాయి. బియ్యం సరిహద్దు అవతల, మలేసియా ఊరు జొహోర్ బారులోని ఒక వ్యాపారి పంపుతాడు. ఏ నెల ఏం వండాలో కూడా ఆయనే ఫోనులో చెబుతాడు. ఈసారి జనార్దన్ కార్యదర్శి పదవికి నిలబడ్డాడు. గెలిస్తే ప్రసంగం గంట ఎత్తేసి, ఆ సమయంలో మూడో పంక్తి భోజనం వడ్డిస్తానన్నది అతని వాగ్దానం. ఎన్నిక ఈ నెల ప్రసంగం ముగిసిన వెంటనే.

అఖ్తర్ ఎంచుకున్న విషయం: ఇరాక్‌లో సాయుధ దళాల నాయకులు పార్లమెంటుకు వచ్చిన వైనం. సంఘం అధ్యక్షుడు సుధాకరరావు కంగారుగా ఫోన్ చేశాడు.

“అఖ్తర్ గారూ, టాపిక్ చూశానండీ. షియా అనొద్దు, సున్నీ అనొద్దు. మతం మాటెత్తితే ఈ దేశంలో రూల్స్ ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా?”

“షియా మిలీషియాల గురించి షియా అనకుంట ఎట్ల జెప్పాలె సాబ్? నేనే షియానైతిని. నా పేరన్న జెప్పుకోవచ్చునా?”

“సైంటిస్టు కదండీ మీరు. ఏదో ఒక ఎగ్జాంపుల్ పెట్టి లాగించెయ్యండి.”

ఫోన్ పెట్టేసిన భర్త ముఖం చూసి, నల్గొండలో పెరిగిన కనీజ్ ఫాతిమాకు అనుమానం వచ్చింది.

“ఏంది, కండ్లు నవ్వుతున్నయ్? ఎవర్ని గెలకవోతున్రు?”

“ఇరాక్‌ను” అన్నాడు అఖ్తర్, అమాయకంగా.

ఆదివారం సభలో ఆయన వరుసక్రమంలో మొదలుపెట్టాడు. 2014లో మోసుల్ నగరం ఐసిస్ చేతిలో పడింది, సైన్యం చెదిరింది, వేలాది మంది స్వచ్ఛందంగా ఆయుధం పట్టారు. వారిలో కొన్ని దళాలు అంతకు ముందునుంచే ఉన్నవి, పొరుగున ఉన్న ఇరాన్ డబ్బుతో, శిక్షణతో పెరిగినవి. నిజంగా పోరాడారు, చాలామంది చనిపోయారు. 2016లో చట్టం చేసి వారిని ప్రభుత్వ బలగమన్నారు. జీతం ప్రభుత్వానిది, దళాల మీద పట్టు మాత్రం చాలావరకు పాత నాయకులదే. 2018 ఎన్నికల్లో ఆ నాయకుల కూటమి రెండో స్థానంలో నిలిచింది. 2021లో సీట్లు బాగా తగ్గాయి.

“సీట్లు తగ్గినయి. తుపాకులు తగ్గలె” అని ఒక గుక్క నీళ్ళు తాగి, ఆయన ఎగ్జాంపుల్‌లోకి దిగాడు. “అనుకుందాం, ఒక సంఘముంది. దాంట్ల ఒక వడ్డన దళముంది. కష్టకాలంల పుట్టింది. బియ్యం బయటి దేశం నుంచొస్తయి. కష్టం తీరింది, గరిటె మాత్రం కింద పెట్టలె...”

హాలు గొల్లుమంది. వెనకనున్న జనార్దన్ వైపు తలలన్నీ తిరిగాయి. ఇక్కడే పుట్టి పెరిగిన కాలేజీ పిల్ల కీర్తిక చెయ్యెత్తి, సింగపూరు యాసలో అంది.

“అంకుల్, హాకర్ సెంటర్‌లో తినడానికెళ్తే మనం టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఈ టేబుల్ మాదని చోప్ చేస్తాం కదా. వాళ్ళు గన్ పెట్టి పార్లమెంట్ చోప్ చేశారు, అంతే లా!”

“నీకు నూటికి నూరు, బిడ్డా.”

జనార్దన్ మాత్రం నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు. యాప్రాన్‌తోనే లేచి నిలబడి, ఎంతో శ్రద్ధగా అడిగాడు: “ఓడిపోయినోళ్ళనేం చేశారండీ అంకుల్ అక్కడ?”

ప్రశ్న సరైనదైతే సరైన జవాబు ఇవ్వకుండా ఉండలేకపోవడం అఖ్తర్ వృత్తిలోపం. “బయటికి నూకరు. బయటుంటే అరుస్తరు గద. చిన్న శాఖ ఒకటిచ్చి లోపల్నే కూసోవెడ్తరు. ఆడ ప్రభుత్వమంటే అందరికి తలా ఒక పీట.”

“భలే ఉందండీ” అని జనార్దన్ కూర్చున్నాడు.

జనార్దన్ గెలిచాడు. ఆకలి మీదున్న సభ వంటగది తాళాలున్నవాడికి ఓటు వేయడంలో శాస్త్రవిరుద్ధమేమీ లేదు. కొత్త కార్యదర్శి తొలి ప్రకటన ఇది: విజ్ఞాన ప్రసంగం రద్దు కాదు. వచ్చే నెల నుంచి మూడో పంక్తి లేచాక, వడ్డన దళం ఆధ్వర్యంలో జరుగుతుంది. అఖ్తర్ గారు ‘విజ్ఞాన సలహాదారు’. పులిహోర, గారెలు, పెరుగన్నం పూర్తయిన ఆ వేళకు హాలులో మేలుకుని ఉండేది ఏసీ యంత్రం ఒక్కటే.

ఇంటికి వెళ్ళే రైల్లో కనీజ్ పడీపడీ నవ్వింది. “పాఠం మీరే జెప్తిరి. ఆ పిలగాడు ఫస్ట్ క్లాస్‌ల పాసాయె.”

“మతం మాటెత్తొద్దన్నరు, ఎత్తలె. నా గంట వోయింది” అన్నాడు అఖ్తర్ దిగులుగా.

“గంట యాడికి వోతది? మీ తాన తుపాకి లేదు, గంతే.” అంది కనీజ్.

మరుసటి నెల మూడో పంక్తి లేచింది. చేతులు కడుక్కుని జనం చెప్పులు వెతుక్కుంటుండగా, కనీజ్ వేదిక పక్కన ఒక పెద్ద దేక్సా దింపింది. ఎండు ఆప్రికాట్లు రాత్రంతా నానబెట్టి చేసిన ఖుబానీ కా మీఠా. మూత కాస్త జరిపి, వాసనను హాలులోకి వదిలి, మళ్ళీ మూసింది.

“ప్రసంగమైనంక కుర్సీల కూసున్నోళ్ళకే” అని ప్రకటించింది.

చెప్పులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. జనార్దన్ గరిటె పట్టుకుని చకచకా వచ్చాడు. “ఇలా ఇవ్వండాంటీ. వడ్డన మా డిపార్ట్‌మెంట్ కదండీ.”

“నక్కో బాబు” అని కనీజ్ మూత మీద చెయ్యి వేసింది. “ప్రసంగం మీ ఆధ్వర్యంల్నే కానియ్. దీని కమాండ్ మాత్రం వేరే.”

జనార్దన్ దేక్సా వైపు చూశాడు, జనం వైపు చూశాడు, జొహోర్ బారుకు ఫోన్ చేసినా లాభం లేదని గ్రహించాడు. గరిటె దింపి, ముందు వరుసలో మిగిలిన ఒకే ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. విజ్ఞాన సలహాదారు కళ్ళజోడు తుడుచుకుని మైకు సరిచేసుకున్నాడు. ఆ రోజు విషయం: లెబనాన్, ఒకే దేశంలో రెండు సైన్యాలు.