థర్మన్ ఊపిరికి రెండు లెక్కలు

పశ్చిమ ఫిలడెల్ఫియాలో మా నల్లవాళ్ళ వీధి ఇళ్ళు ఒకదాని భుజం ఒకటి రాసుకుంటూ నిలబడి ఉంటాయి. ఒక ఇంట్లో తుమ్మితే మూడో ఇంట్లోంచి దీవెన వినబడుతుంది. అలాంటి చోట మంచిపేరు తెచ్చుకోవాలంటే సగం జీవితం పడుతుంది. చెడ్డపేరుకి ఒక్క శనివారం చాలు. థర్మన్ గాస్కిన్స్‌కి బద్ధకస్తుడన్న పేరు ఒక శనివారం పొద్దునే వచ్చింది.

శనివారం వీధి ఊడ్చుకునే రోజు. ప్రతి వీధికీ ఒక కెప్టెన్ ఉంటారు. మా కెప్టెన్ ఎర్లీన్. ట్రామ్ నడిపి రిటైరైన మనిషి, మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది. ఆ ఈల మోగిందంటే చీపురు పట్టుకుని బయటికి రావాల్సిందే. జ్వరమొచ్చినా, చుట్టాలొచ్చినా ఆవిడ దగ్గర మినహాయింపు లేదు. ఆ శనివారం ఒక మనిషి ఇంటి ముందు సగం ఊడ్చి, చీపురు గోడకి ఆనించి, మెట్టు మీద కూలబడ్డాడు. ఆ మనిషి కెప్టెన్‌గారి సొంత మొగుడు.

"ఊపిరాడట్లేదు ఎర్లీన్" అన్నాడు థర్మన్.

"కెప్టెన్ ఇంటి ముందు చెత్తకి కూడా పదవొచ్చినట్టుందే, కదలట్లేదు!" అన్నాడు ఎదురింటి లానీ పెటస్. వీధంతా నవ్వింది. ఎర్లీన్ నవ్వలేదు. మొగుడు వదిలేసిన సగం తనే ఊడ్చింది. ఆ తర్వాత ప్రతి శనివారం అదే తంతు.

థర్మన్ పుట్టు బద్ధకస్తుడేం కాదు. వయసులో ఉన్నప్పుడు ఓడలు బాగుచేసే యార్డులో వేడి గొట్టాలకి తొడుగులు కట్టేవాడు. ఆ తొడుగుల్లోంచి తెల్లటి ధూళి జల్లెడ పట్టిన పిండిలా రాలుతుండేది. అందులోనే పని, అందులోనే మధ్యాహ్నం రొట్టె. ఏడాదికోసారి కంపెనీ డాక్టరు ఒక గొట్టం నోట్లో పెట్టి ఊదమనేవాడు. ఊదాక మిషన్ వంక చూసి, "మీవాళ్ళ లెక్కకి బాగానే ఉంది" అని వీపు తట్టేవాడు. థర్మన్ చెవికి 'బాగానే ఉంది' అన్నదొక్కటే ఎక్కేది. నిచ్చెనెక్కుతూ సగంలో ఆగిపోవడం మొదలయ్యాక మేస్త్రీ పని మానేయమన్నాడు. ఊపిరితిత్తులు బాగున్నవాడు నిచ్చెన ఎక్కట్లేదంటే ఒళ్ళు వంగకే కదా! పింఛనూ లేదు, పరిహారమూ లేదు. తర్వాత కార్లు నిలిపే చోట గాజుగదిలో కూర్చుని చీటీలు చింపే ఉద్యోగం దొరికింది. కూర్చుని చేసేది కాబట్టి బద్ధకస్తుడన్న పేరుకి అతికినట్టు సరిపోయింది.

డాక్టర్లు మారారు, మిషన్లు కూడా పెద్దవి పోయి చిన్నవి వచ్చాయి. మాట మాత్రం మారలేదు.

"డాక్టరు బాగుందంటాడు, మిషన్ బాగుందంటుంది, నువ్వొక్కడివే బాగాలేదంటావు. ముగ్గుర్లో ఎవర్ని నమ్మమంటావయ్యా?" అనేది ఎర్లీన్.

అసలు బాధేమిటంటే, కొన్నేళ్ళకి థర్మన్ కూడా మిషన్ పక్షానికే వెళ్ళిపోయాడు. మెట్లెక్కుతూ గుండె దడదడలాడినప్పుడల్లా, 'ఛీ, ఎంత సోమరిని నేను' అని తనని తానే తిట్టుకునేవాడు. వీధి తిడితే పడొచ్చు. భార్య కూడా నమ్మదు, తనని తాను నమ్మడం తనవల్లా కాదు. ఆ బరువు అతణ్ణి లోపల్నించి తినేసింది.

అలాంటి రోజుల్లో, ఊరి పాత భాగంలో ఉన్న ఒక సైన్స్ చరిత్ర మ్యూజియం నిద్ర లేచింది. చాలాకాలం అది తన స్థాపకుల పటాలు తుడుచుకుంటూ కాలక్షేపం చేసింది. ఉన్నట్టుండి సైన్స్‌లో జాత్యహంకారం ఉందని కనిపెట్టింది. మనకి అమ్మమ్మలు చెప్పిన సంగతే, కానీ వాళ్ళు కనిపెడితే ప్రారంభోత్సవం ఉంటుంది. నల్లవాళ్ళ వీధుల కెప్టెన్లందరికీ పిలుపులు వెళ్ళాయి. బస్సు పంపుతారు, భోజనం పెడతారు, వచ్చి తమ బాధ చెప్పుకుంటే చాలు.

"అందరూ రావాల్సిందే" అని ఈల ఊదింది ఎర్లీన్.

"కుర్చీలుంటాయా?" అన్నాడు థర్మన్.

"మ్యూజియం అన్నాక కుర్చీలుండవా?"

"అయితే వస్తా."

కుర్చీలు ఉన్నాయి. గాజు అద్దాల వెనక, ముట్టుకోరాదని బోర్డు పెట్టుకుని ఉన్నాయి. లిఫ్టు మరమ్మతులో ఉంది. ప్రదర్శనేమో పై అంతస్తులో ఉంది. థర్మన్ మలుపు మలుపుకీ ఆగి, గోడ మీద స్థాపకుల పటాలు చూస్తున్నట్టు నటిస్తూ ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఏంటయ్యా, ఆ పిల్లిగడ్డాల మీద అంత ప్రేమ పుట్టుకొచ్చింది?" అన్నాడు లానీ వెనకనించి.

"ఒకాయన నాకు బాకీ ఉన్నట్టున్నాడు. ఎవరా అని చూస్తున్నా."

పైన కేట్లిన్ అనే తెల్లమ్మాయి ఎదురొచ్చింది. ప్రజా కార్యక్రమాలన్నీ ఆవిడే చూస్తుంది. మనసు వెన్నముద్ద. ఎవరు ఏం చెప్పినా కళ్ళల్లో నీళ్ళు సిద్ధంగా ఉంటాయి. అందర్నీ గుండ్రంగా నిలబెట్టి, "ముందుగా మనందరం కలిసి ఒక పెద్ద శ్వాస తీసుకుందాం" అని కళ్ళు మూసుకుంది.

థర్మన్ మర్యాదకి ప్రయత్నించాడు. శ్వాస సగంలో అడ్డం తిరిగి దగ్గు మొదలైంది. గోడ పట్టుకుని, వంగిపోయి, కళ్ళు ఎర్రబడేదాకా దగ్గాడు. కేట్లిన్ కళ్ళు తెరవకుండానే, "అదీ, అదీ... లోపలున్నదంతా బయటికి రానివ్వండి" అంది.

తర్వాత రంగు కాగితాలు పంచారు. గులాబీ కాగితం మీద బాధ, నీలం కాగితం మీద ఆశ రాసి గోడకి అంటించాలి. లానీ నీలం కాగితం మీద 'చేపల వేపుడు' అని రాసి అంటించాడు. కేట్లిన్ అది చదివి, అందులో ఎంత చరిత్ర ఉందోనని కళ్ళు తుడుచుకుంది.

గది మధ్యలో ఉందా మిషన్. మూతబడిన ఆసుపత్రి నించి తెచ్చి బాగు చేయించారు. అట్ట గొట్టం తగిలించుకుని ఎవరైనా ఊదొచ్చు. వయసు, ఎత్తు నొక్కి ఊదితే, ఊపిరి సరిపోతే పచ్చదీపం, చాలకపోతే ఎర్రదీపం. పక్కన ఒక మీట. ఒకవైపు 'తెలుపు', ఇంకోవైపు 'నలుపు'. బానిసల కాలంలో డాక్టరొకడు నల్లవాళ్ళకి పుట్టుకతోనే ఊపిరి తక్కువని రాసి, అందుకే పొలంలో పని చేయిస్తే వాళ్ళ ఒంటికి మంచిదని కూడా తేల్చాడు. వాడి మాట ఈ మీటలోకి దిగింది. నలుపు వైపు తిప్పితే తక్కువ ఊదినా సరిపోయిందంటుంది మిషన్. ఇదంతా పక్కనే గోడ మీద వివరంగా రాసి ఉంది. మ్యూజియంలో గోడ మీద రాసింది చదివేవాళ్ళు రాసినవాళ్ళే.

థర్మన్ కూడా చదవలేదు. ఎవరో తెల్లాయన ఊది వెళ్ళాడు. మిషన్ ముందు ఒక ఎత్తుపీట ఉంది. కూర్చోవచ్చనే ఆశతో థర్మన్ దాని మీద కూర్చున్నాడు. కూర్చున్నాక ఊదకపోతే బాగుండదని గొట్టం తగిలించుకుని ఊదాడు.

ఎర్రదీపం వెలిగింది.

ఇన్నేళ్ళలో థర్మన్ ఎర్రదీపం చూడటం అదే మొదలు. తన ఊపిరికి ఆ రంగు కూడా ఉంటుందని అతనికి తెలీదు. అలా చూస్తూ ఉండిపోయాడు.

"అయ్యో, క్షమించండి సార్!" అంటూ పరిగెత్తుకొచ్చింది కేట్లిన్. "ఇందాక ఆయన ఊది అలాగే వదిలేశారు. ఇది మీకు పెట్టింది కాదు." మీట టక్కున నలుపు వైపు తిప్పింది. "ఇప్పుడు ఊదండి."

ఊదాడు. పచ్చదీపం వెలిగింది.

"చూశారా? మీరు చక్కగా ఉన్నా..." అని, మిగతా మాట నోట్లోనే ఆపేసింది కేట్లిన్. తన చేతివంక చూసుకుంది. చెయ్యి ఇంకా మీట మీదే ఉంది. ఆ మీట ఎంత అన్యాయమో వారమంతా ఊరికి చెబుతున్న మనిషి. ఏం చేస్తాం, మర్యాద అలవాటైన చెయ్యి మనసుని అడిగి పని చెయ్యదు.

ఎర్లీన్ ముందుకొచ్చింది.

"తిప్పు" అంది.

కేట్లిన్ తిప్పింది. థర్మన్ ఊదాడు. ఎరుపు.

"మళ్ళీ."

పచ్చ.

"మనిషి అదే, ఊపిరి అదే" అంది ఎర్లీన్ ఎవరితోనూ కాకుండా. "మీట తిప్పితే రోగం పోయింది. ఇంత చవక వైద్యం ఏ దేశంలోనూ ఉండదు." మెడలో ఈలని గుప్పిట్లో బిగించింది. లానీ తలవంచుకుని, గోడ మీంచి తన నీలం కాగితం పీకి జేబులో పెట్టుకున్నాడు.

మ్యూజియం మాత్రం పొంగిపోయింది. అంత గొప్ప ఘట్టం తమ దగ్గర ఎప్పుడూ జరగలేదట. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. మర్నాడే సంఘం ఒకటి కూర్చుని, చూసేవాళ్ళ మనసు నొచ్చుకోకుండా ఆ మీట పీకించేసింది. ఆ చోట 'ఇక్కడ ఒక బాధ గుర్తించబడింది' అని అందమైన పలక పెట్టించింది. ఇంతకీ మిషన్ ఏ వైపున ఆగిపోయిందో చూసినవాళ్ళు లేరు. ఎవరొచ్చి ఊదినా పచ్చదీపమే. మన అదృష్టం కొద్దీ ఆ రోజునించి తెల్లవాళ్ళ ఊపిరితిత్తులు కూడా బాగుపడ్డాయి.

కేట్లిన్ ఫోన్ చేసింది. 'పంచుకున్న ఊపిరి' అనే సాయంత్రం పెడుతున్నారట, థర్మన్ వచ్చి మాట్లాడాలట, గుర్తుగా గుడ్డసంచీ ఇస్తారట.

"లిఫ్టు బాగయిందా?" అన్నాడు థర్మన్.

"అది... వేరే శాఖ వాళ్ళు చూస్తారండీ."

"ఆ శాఖ వాళ్ళకి కూడా ఒక పెద్ద శ్వాస తీసుకోమని చెప్పమ్మా" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ వారంలోనే ఎర్లీన్ అతణ్ణి ఆసుపత్రికి లాక్కెళ్ళింది. ఊపిరి పరీక్షగదిలో కంప్యూటరు ముందు మనలాంటి నల్లమ్మాయే కూర్చుని ఉంది, జడలు చక్కగా అల్లుకుని. పేరు అడిగింది, వయసు అడిగింది, ఎత్తు అడిగింది. తర్వాతది అడక్కుండానే నొక్కబోయింది.

"ఆగమ్మా. అక్కడేం నొక్కుతున్నావ్?"

"జాతి అండీ. నలుపు అని."

"తెలుపని నొక్కు."

ఆ అమ్మాయి థర్మన్ వంక చూసింది. థర్మన్ రంగు మీద అనుమానానికి ఎక్కడా చోటు లేదు.

"అమ్మా, అబద్ధం రాస్తే నా ఉద్యోగం పోతుంది."

"ఇన్నేళ్ళూ మీవాళ్ళు రాసిందేంటి మరి? ఈ మనిషితో నలభై ఏళ్ళు కాపురం చేశాను. ఈయన నలుపు నాకు కొత్తగా చెప్పక్కర్లేదు. పావుగంట తెల్లవాణ్ణి చెయ్యి. తర్వాత ఇంటికి తీసుకెళ్ళి నేను మళ్ళీ నల్లగా చేసుకుంటా."

"పావుగంటే?" అన్నాడు థర్మన్. "బ్యాంకుకి కూడా వెళ్ళొద్దాం ఎర్లీన్, అప్పేమన్నా పుడుతుందేమో."

ఆ అమ్మాయి నవ్వాపుకోలేక తల తిప్పుకుంది. తలుపు దగ్గరికేసి, తెలుపని నొక్కింది.

థర్మన్ గాస్కిన్స్ తెల్లవాడిగా ఒకసారి ఊదాడు. డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. అప్పటికప్పుడు ఛాతీ స్కాన్ తీయించారు. ఊపిరితిత్తుల్లో సగానికి పైగా మచ్చకట్టి బిగుసుకుపోయింది. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి.

"ఇంత ముదిరేదాకా ఎక్కడికెళ్ళారు సార్? ఎప్పుడో రావాల్సింది" అన్నాడు డాక్టరు మందలింపుగా.

"వస్తూనే ఉన్నానండీ. నల్లవాడిగా వచ్చాను, అందుకే మీకు గుర్తులేదు."

కారెక్కాక ఎర్లీన్ తాళం తిప్పలేదు. స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చుంది.

"నేను నిన్ను నమ్మలేదు థర్మన్" అంది.

"మిషన్‌ని నమ్మావు. నేనూ దాన్నే నమ్మాను."

"నువ్వు చెబుతూనే ఉన్నావు. నేను ఊరందరి ముందూ..." అని ఆగిపోయి ఏడ్చింది. థర్మన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అతనికీ ఏడుపొచ్చింది, కానీ తనకిప్పుడు ఏడవడానికి సరిపడా గాలి లేదని తెలుసు కాబట్టి ఊరుకున్నాడు. నిజం తేలినందుకు సంతోషించాలో, ఇన్నాళ్ళకి తేలినందుకు మండిపడాలో అతనికి తెలియలేదు. మెట్టు మీద కూర్చున్న శనివారాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాటిల్లో ఒక్కదానికీ తను సిగ్గుపడక్కర్లేకపోయింది.

శనివారం వచ్చింది. ఎర్లీన్ ఇంట్లోంచి మెత్తటి కుర్చీ మోసుకొచ్చి గుమ్మం ముందు వేసి, ఆక్సిజన్ సిలిండరు పక్కన పెట్టి, థర్మన్‌ని కూర్చోబెట్టింది. లానీ తన గుమ్మంలోంచి చూస్తున్నాడు. క్షమాపణ చెప్పడం ఎర్లీన్‌కి చేతకాని విద్య, కారులో చెప్పిందే చాలా ఎక్కువ. మెడలో ఈల తీసి మొగుడి మెడలో వేసింది.

"నువ్వు ఊదు" అంది.

"నేనా? వినబడుతుందంటావా?"

"ఊదు."

థర్మన్ ఊదాడు. సన్నగా, కాగబోయే కెటిల్ గొంతులా వచ్చింది. వీధి చివరిదాకా వెళ్ళిందో లేదో కూడా తెలీదు.

"కెప్టెన్, ఇంత చిన్న ఈలకి కూడా లేవాలా?" అన్నాడు లానీ అలవాటు కొద్దీ.

ఎర్లీన్ చీపురు చేతిలోకి తీసుకుని అతని వైపు తిరిగింది.

"చిన్నదా? ఎవరి లెక్కకి?"

లానీ చీపురు కోసం లోపలికెళ్ళాడు.