వేడి మీద కొలవని మనిషి

ఆ షెడ్డులో అతణ్ణి అందరూ వెంట్రుక మేస్త్రి అనేవాళ్ళు. లేతు మిషన్ మీద తిరిగే ఇనప కడ్డీని షాఫ్టుగా చెక్కుతున్నప్పుడు ఎవరైనా "అయిపోయిందిగా, దించెయ్" అంటే, "ఇంకో వెంట్రుక ఉంది" అనేవాడు, అంటే ఇంకా అంత మందం తియ్యాలని. నెత్తి మీద మాత్రం ఒక్కటీ లేదు. "ఉన్నవన్నీ షాఫ్టుల మీదే రాలిపోయాయి" అని రేడియో నవ్వించేవాడు. రేడియో అంటే పక్క మిషన్ మీద పనిచేసేవాడు. షెడ్డులో అడుగు పెట్టగానే నోరు మొదలుపెట్టి, గంట కొట్టేదాకా ఆపడు. అందుకని ఆ పేరు.

మేస్త్రి బడికి వెళ్ళింది తక్కువ. పని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పెద్దవాళ్ళ వెనక నిలబడి, పాడైన ముక్కల్ని ఇంటికి తెచ్చుకుని, ఎక్కడ పాడైందో వేలితో తడిమి నేర్చుకున్నాడు. అలా నేర్చుకున్నవాటిలో ఒకటి అతనికి ప్రాణం. వేడి మీద కొలవకూడదు. చెక్కుతుంటే ఇనుము వేడెక్కి ఉబ్బుతుంది. అప్పుడు కొలిస్తే సరిగ్గా ఉన్నట్టే కనబడుతుంది. చల్లారాక చూస్తే సన్నబడిపోయుంటుంది, ఇక అది చెత్తలోకే. అందుకని ఆఖరి కోత ముందు షాఫ్టును చెక్క బల్ల మీద పడుకోబెట్టి, తను టీ తాగి వచ్చేవాడు. సూపర్‌వైజర్ ఎంత గొణిగినా కదిలేవాడు కాదు. అతని చేతి షాఫ్టు తిరిగొచ్చిందని ఎవరూ వినలేదు.

ఒక మధ్యాహ్నం మిషన్ ముందు నిలబడి ఉండగా ఛాతీలో బెల్టు జారినట్టయింది. గుండె కొట్టుకుంటోంది గానీ దేనికదే కొట్టుకుంటోంది. కళ్ళు తిరిగి నేల మీద కూలబడ్డాడు. ఆసుపత్రిలో ఈసీజీ గీత తీసి చూసి డాక్టరమ్మ చెప్పింది: "గుండెలో పైగదులు లయ తప్పి వణుకుతున్నాయి. దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. వస్తుంది, పోతుంది. వచ్చినప్పుడు లోపల రక్తం నిలవుండి గడ్డ కట్టొచ్చు. ఆ గడ్డ మెదడుకి వెళ్తే పక్షవాతం. అందుకని రక్తం పల్చబడే మాత్ర రాస్తున్నాను."

మాత్ర మొదలయ్యాక అసలు గొడవ మొదలైంది. లేతు దగ్గర ఇనప పొట్టు చుట్టలు చుట్టలుగా లేస్తుంది. బ్లేడు లాంటి అంచులు దానికి. గీరుకుపోని రోజుండదు. ఇదివరకు నోట్లో వేలు పెట్టుకుంటే ఆగిపోయే నెత్తురు, ఇప్పుడు గుడ్డ కట్టినా ఆగేది కాదు. మెరిసే షాఫ్టు మీద చుక్కలు పడ్డాయి.

"మేస్త్రీ, ఇదేమన్నా కసాయి కొట్టా?" అన్నాడు సూపర్‌వైజర్. "స్టోరులోకి పో. కిటికీలో కూర్చుని పనిముట్లు అందిస్తే చాలు. జీతం అదే."

"కిటికీలో కూర్చోవడానికి నన్నెందుకు? ఓ బొమ్మని పెట్టు."

"అయితే ఆ మాత్ర అక్కర్లేదని డాక్టర్ చేత చెప్పించుకునిరా. అప్పటిదాకా చూస్తాను."

అతనికి కావలసింది అదొక్కటే. మాత్ర ఆగాలి, మిషన్ ఉండాలి. డాక్టరమ్మని అడిగితే ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. "ఇంట్లో గుండెగీత తీసే మిషన్ ఒకటి కొనుక్కోండి. దడ వచ్చినప్పుడల్లా తీసి నాకు ఫోన్లో పంపండి. ఎంత తరచుగా వస్తోందో కొన్ని నెలలు చూసి చెప్తాను. దడ వచ్చినప్పుడే తియ్యాలి సుమా."

"అలాగేనమ్మా," అన్నాడు మేస్త్రి.

మందుల సామాన్ల దుకాణానికి భార్యనీ అల్లుణ్ణీ వెంటేసుకుని వెళ్ళాడు. అల్లుడు ఫోన్లు అమ్మే కొట్లో పనిచేస్తాడు. దారి పొడుగునా చెప్తూనే ఉన్నాడు.

"మావయ్యా, వాచీ తీసుకోండి. చేతికి పెట్టుకుని మర్చిపోవడమే. పగలూ రాత్రీ అదే చూసుకుంటుంది. తేడా వస్తే అదే మోగుతుంది."

"అల్లుడు గారూ, లేతు దగ్గర చేతికి ఏదన్నా పెట్టుకున్నవాణ్ణి చూశారా మీరు?"

"లేదు."

"చూడరు. పెట్టుకున్నవాళ్ళకి ఆ చెయ్యి ఉండదు. తిరిగే ఇనుము వాచీ పట్టీని పట్టుకుందంటే భుజందాకా లాగేస్తుంది. నా పెళ్ళి ఉంగరం కూడా మీ అత్తయ్య పెట్టెలోనే ఉంది."

"ఆయన పెళ్ళి కూడా ఆ పెట్టెలోనే ఉంది బాబూ," అంది భార్య. "మిషన్ని కదా చేసుకున్నది."

దుకాణంవాడు భుజానికి పట్టీ చుట్టే రక్తపోటు మిషన్ తీశాడు. లయ తేడాగా ఉంటే గుండె బొమ్మ మిణుకుమంటుందన్నాడు. మేస్త్రి దాన్ని తిప్పి చూసి కింద పెట్టాడు. "తేడా ఉందని అంటుంది. ఏం తేడానో చూపించదు. ఇలాంటి మనుషులు మా షెడ్డులో బోలెడుమంది." ఛాతీకి అతికించే బిళ్ళ చూపిస్తే, చెమటకి నిలవదన్నాడు. చివరికి చూయింగ్ గమ్ పొట్లమంత పలక ఒకటి వచ్చింది. దాని మీద రెండు ఉక్కు బిళ్ళలు. రెండు బొటనవేళ్ళూ ఆనించి కదలకుండా కూర్చుంటే ఫోన్లో గీత వస్తుంది.

మేస్త్రి ముఖం విప్పారింది. ముందు దుకాణంవాడి వేళ్ళు పెట్టించాడు, తర్వాత అల్లుడివి, మళ్ళీ దుకాణంవాడివి. రెండుసార్లూ వాడి గీత ఒకలాగే వచ్చిందని చూసుకుని, "ఇది పనిముట్టు," అన్నాడు.

"మావయ్యా, మీరు పెట్టినప్పుడే చూస్తుందది. వాచీ అయితే..."

"నేను పెట్టాల్సినప్పుడు నేను పెడతాను. నాకు కొలవడం రాదంటారా?"

ఆ మాటకి ఎదురు చెప్పగలిగినవాడు షెడ్డులోనూ లేడు, ఇంట్లోనూ లేడు.

ఇంటికొచ్చి పెట్టుకుంటే పలక అతని వేళ్ళని గుర్తించలేదు. నూనెలో నాని, ఇనుముకి ఒరుసుకుని, బొటనవేళ్ళు చెప్పు అడుగులా గట్టిపడ్డాయి. గీత గజిబిజిగా వచ్చేది, లేదా మళ్ళీ పెట్టమనేది. భార్య పెడితే మాత్రం ముగ్గు గీసినట్టు వచ్చింది. అతనికి పట్టుదల వచ్చింది. ఇనుము రుద్దే ఎమెరీ కాగితం సన్నరకం తెచ్చి వేళ్ళు రుద్దడం మొదలుపెట్టాడు.

"ఇనుము అయిపోయిందా, ఒళ్ళు చెక్కుతున్నారు?" అంది ఆవిడ.

"ఇంకో వెంట్రుక ఉంది."

అలా రుద్ది, తడిగుడ్డతో తుడిచి, మోచేతులు బల్ల మీద ఆనించి, ఊపిరి నెమ్మదించాక పెడితే శుభ్రమైన గీత వస్తుందని కనిపెట్టాడు. కష్టపడి కనిపెట్టినదాన్ని ఏ పనివాడూ వదలడు. గజిబిజి గీతంటే పెట్టడంలో తప్పని అతని చేతులకి ఖాయమైపోయింది.

ఆ తర్వాత ఓ సాయంత్రం మెట్లెక్కి వస్తూనే గుమ్మంలో ఆగిపోయాడు. చెయ్యి ఛాతీ మీద ఉంది. భార్య పలక తీసుకుని పరిగెత్తుకొచ్చింది.

"పెట్టండి, పెట్టండి!"

"ఆగు. చల్లారనీ."

"చల్లారడమేమిటి? డాక్టరమ్మ దడ ఉన్నప్పుడే పెట్టమందిగా?"

"మెట్లెక్కొచ్చిన ఒళ్ళు. చేతులు వణుకుతున్నాయి. ఇప్పుడు పెడితే ఏం కొలుస్తుంది?"

ఆవిడ వినలేదు. అతని చేతులు లాగి వేళ్ళు ఆనించింది. ఫోన్లో గీత పళ్ళు విరిగిన రంపంలా వచ్చింది. ఒకటి దగ్గర, ఒకటి దూరం, ఒకటి పొట్టి. అతను దానివంక ఓసారి చూసి, వేలితో నొక్కి తీసేశాడు.

"ఎందుకు తీసేశారు?"

"తప్పు కొలత ఎవరికైనా పంపుతామా? సిగ్గులేదూ?"

"డాక్టరమ్మ తెలీకనే చెప్పిందా?"

"ఆవిడ గుండె చదివింది. కొలవడం నేను చదివాను."

కుర్చీలో కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. చాలాసేపటికి బెల్టు మళ్ళీ కప్పీ మీదికి ఎక్కినట్టయింది. అప్పుడు వేళ్ళు తుడుచుకుని, మోచేతులు ఆనించి పెట్టాడు. గీత సమంగా వచ్చింది. మరోసారి పెట్టాడు. అదీ అంతే. "చూశావా? రెండూ ఒకటే," అని డాక్టరమ్మకి పంపించాడు. భార్య పలక తుడిచి లోపల పెట్టేసింది. అతని కొలత తప్పడం పెళ్ళయిన నాటి నుంచీ చూడలేదు మరి.

అప్పటినుంచి అదే పద్ధతి. షెడ్డులో దడ వస్తే మిషన్ ఆపి గోడవారన కూర్చునేవాడు. తగ్గాక పలక తీసేవాడు. రేడియో చూసి, "ఏం అన్నా, నిన్ను నువ్వే చెక్క బల్ల మీద పెట్టుకున్నావా?" అంటే నవ్వేవాడు కూడా. అందులో దాపరికం లేదు. పనివాడు పని చేసినట్టు, శ్రద్ధగా, ఒక్కసారి కూడా అశ్రద్ధ చెయ్యకుండా చేశాడు.

నెలలు గడిచాక డాక్టరమ్మ అతను పంపినవన్నీ వరసగా చూసింది. బయట బెంచీల మీద జనం, తలుపు సందులోంచి తొంగిచూస్తున్నారు.

"ఇవన్నీ దడ వచ్చినప్పుడు తీసినవేనా?"

"వచ్చిన ప్రతిసారీ తీశానమ్మా. ఒక్కటీ వదల్లేదు."

అబద్ధం ఆడానని అతను అనుకోలేదు. ఆవిడకీ అనుమానం రాలేదు. ఇంత శుభ్రమైన గీతలు ఆవిడకి ఎవరూ పంపి ఉండరు.

"అయితే ఆ దడ ఆయాసం వల్లనో కంగారు వల్లనో అయ్యుంటుంది. మీ వయసుకీ, మిగతా ఆరోగ్యానికీ, మాత్ర ఆపి చూడొచ్చు. గీతలు మాత్రం మానకండి."

ఆ రోజు షెడ్డుకి తిరిగి వెళ్తూ సూపర్‌వైజర్ గది ముందు కావాలని నెమ్మదిగా నడిచాడు. తన మిషన్‌ని గుడ్డతో తుడిచాడు. చుట్టుపక్కలవాళ్ళు టీ ఇప్పించమంటే కాదనకుండా ఇప్పించాడు. అతను ఎవరికైనా ఏదైనా ఇప్పించడం చూడలేదని రేడియో వారంపాటు చెప్పుకున్నాడు.

ఆ సంతోషం పట్టుమని ఓ రుతువు కూడా నిలవలేదు. ఒక పొద్దున మిషన్ తిప్పే చక్రం పిడి పట్టుకుంటే కుడిచెయ్యి పట్టలేదు. ఎందుకు పట్టలేదా అని చేతివంక చూశాడు. అది తనది కానట్టు వేలాడుతోంది. రేడియోని పిలవబోయాడు. నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది. అతను పక్కకి ఒరిగి తిరుగుతున్న షాఫ్టు మీద పడకుండా రేడియోనే ఒక్క దూకుతో మిషన్ ఆపి, నడుము పట్టుకున్నాడు. వాడు మాట్లాడకుండా ఉండటం షెడ్డువాళ్ళు మొదటిసారి చూసింది అప్పుడే.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన నిలబడింది. ఇప్పుడు తీసిన గీత ఆవిడ చేతిలో ఉంది. "ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా ఇలా రాలేదా?" అని అడిగింది.

భార్య చెప్పింది. "వచ్చేదమ్మా. నేను బలవంతంగా పెట్టినప్పుడు ఇలాగే వచ్చింది. వేడి మీద కొలిచింది చెల్లదన్నారు. చల్లారాక పెట్టి, అది మీకు పంపేవారు."

"చల్లారాకా?" డాక్టరమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం మీది మనిషివంక చూసింది. ఆవిడ ముఖం ఎర్రబడింది. "నాకు కావలసింది ఆ వేడే కదమ్మా," అని మాత్రం అని, మాత్ర మళ్ళీ రాసి, తర్వాతి మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

మేస్త్రికి చెవులు బాగానే పనిచేస్తున్నాయి. ఎడమచేత్తో దుప్పటి అంచు పట్టుకుని, వేళ్ళ మధ్య నలుపుతూ పడుకున్నాడు. చూడడానికి వచ్చినవాళ్ళంతా ప్రాణం దక్కింది, అంతే చాలన్నారు. ఆ మాట వచ్చినప్పుడల్లా గోడవైపు తిరిగిపోయేవాడు.

కాలు కొంత వచ్చింది. చెయ్యి రాలేదు. మాట వచ్చింది గానీ, గొంతులో ఉన్నది ఒకటైతే పెదాల మీదికి మరొకటి వస్తుంది. అతని లేతు రేడియోకి ఇచ్చారు. స్టోరు కిటికీ మాత్రం ఖాళీగా ఉంది. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక అతనే ఒప్పుకున్నాడు. రోజూ బయల్దేరే ముందు భార్య అతని కుడి బొటనవేలిని తన చేత్తో పలక మీద నొక్కి పట్టుకుంటుంది. వచ్చిన గీత ఎలా ఉన్నా ఆవిడే పంపేస్తుంది. అతను ఆ ఫోన్ వంక చూడడు.

ఒకరోజు రేడియో ఓ షాఫ్టు పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చాడు. దాని ఒళ్ళంతా సన్నటి అలలు.

"అన్నా, పొద్దుట్నుంచి ఇదే తంతు. ఎంత నెమ్మదిగా కోసినా ఇలాగే వస్తోంది. ఎందుకంటావ్?"

మేస్త్రి ఎడమచేతి వేలితో షాఫ్టు మీద ఒక్కసారి తడిమాడు. వెంటనే తెలిసింది. కోసే పనిముట్టు ఉండాల్సినదానికంటే ఎత్తులో బిగించి ఉంది. దించాలి, ఓ వెంట్రుక.

"ప... పైకి..." అన్నాడు. తల అడ్డంగా ఊపాడు. అది కాదు. "పైకి... ఎ..."

"పైకా? ఎత్తమంటావా?"

కాదన్నట్టు వేలితో కిందికి చూపబోయాడు. ఎడమచెయ్యి కిటికీ ఊచలకి తగిలి ఆగిపోయింది. రేడియో అప్పటికే అర్థమైపోయినట్టు తలూపుతున్నాడు.

"అదే నేనూ అనుకున్నా అన్నా. ఇంకాస్త ఎత్తాలి. నువ్వున్నావు కాబట్టి సరిపోయింది!"

భుజం మీద తట్టి వెళ్ళిపోయాడు. మేస్త్రి అరచేత్తో కిటికీ చెక్కని కొట్టాడు, రెండోసారి కొట్టాడు. షెడ్డు మోతలో ఎవరికీ వినపడలేదు. కాసేపటికి ఆ మూల నుంచి లేతు మొదలైన చప్పుడు వచ్చింది. ఇనుము మీద పనిముట్టు కీచుమంటూ, మునుపటికంటే గట్టిగా అదురుతోంది. ఎవరో డ్రిల్లు బిట్టు కావాలని కిటికీలోకి చెయ్యి చాపారు. మేస్త్రి వెతికి అందించాడు.