మళ్ళీ వేసిన తాళం

"వీధి తలుపు తీసే ఉన్నాదా?" అని ఆయన అడిగారు. "తీసే ఉన్నాది, పడుకోండి" అన్నాను. మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. తెల్లారి కాఫీ పెట్టి పిలిస్తే మావారు పలకలేదు.

ఏళ్ళ తరబడి రోజూ అడిగిన మాటే గనక అప్పుడు నాకేమీ అనిపించలేదు. మొన్న మా అల్లుడు వచ్చి, ఒంటరిగా ఉంటున్నావత్తయ్యా అని, వీధి వైపు కొత్త తలుపు పెట్టించి వెళ్ళాడు. దానికి గడియ వెయ్యక్కర్లేదట, చేత్తో నెడితే చాలు, తనంతట తానే తాళం పడిపోతుందట. మంచి మనసుతోనే చేశాడు పాపం. కానీ అది టక్కుమని పడిన చప్పుడు వినగానే గుమ్మం దగ్గరే కూలబడ్డాను. ఏమైందత్తా అని పక్కింట్లో ఉండే మా మేనకోడలు పరుగెత్తుకొచ్చింది. చెప్తాను గాని కాగితం తెచ్చుకోవే అన్నాను. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీది బోర్డు కూడబలుక్కోవడం వచ్చు, అంతే నా చదువు. మోటుగా ఉన్న చోట దిద్దుతానంది. నా మాటలు దిద్దుకో గాని, అవతలివాళ్ళు అన్నవి మాత్రం అన్నట్టే ఉంచమన్నాను.

డెబ్బైల చివర, ఎనభైల మొదట్లో మేము నర్సీపట్నంలో పోలీసు క్వార్టర్సులో ఉండేవాళ్ళం. మావారు కానిస్టేబులు. పనిచేసింది ఆ చుట్టుపక్కల ఒక స్టేషనులో, దాని పేరు ఇప్పుడెందుకులే. ఇద్దరు ఆడపిల్లలు, ఒక గది, వంటకి చూరు కింద చిన్న చోటు, ఇస్త్రీ చొక్కా మీద మరక పడకుండా బతకడమే మాకు పెద్ద సంసారం.

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఒక ప్లీడరు గారు ఉండేవారు. పొలం గట్ల తగువులు, పంపకాల దావాలు ఆయన ముట్టేవారు కారు. పోలీసు అన్న మాట ఎక్కడుంటే అక్కడే ఆయన పని. స్టేషనులో దెబ్బలు తిన్నవాడు వచ్చేవాడు, తన మనిషి ఎలా చచ్చిపోయాడో తేల్చమని శవ పంచనామా పట్టుకుని ఏడుస్తూ వచ్చేవాళ్ళు, అడవి పందుల మీదకి తుపాకీ లైసెన్సు రద్దయిందని జీడితోటల రైతులు వచ్చేవారు. వీళ్ళంతా ముందు వాకిలిలోంచి వచ్చి అరుగు మీద బల్లలపై కూర్చునేవారు. మరి ఛార్జి మెమో అందుకున్న పోలీసులో? వాళ్ళకీ ఆయనే దిక్కు. వాళ్ళు మాత్రం పై అధికారుల కంట పడకుండా గళ్ళ లుంగీ కట్టుకుని, బజారుకి వెళ్తున్నట్టు చేతిలో కూరల సంచి పట్టుకుని, పెరటి దారిన నూతి పక్కనుంచి వచ్చేవారు. ప్లీడరు గారి భార్యని మేము అమ్మగారు అనేవాళ్ళం. ఆవిడ మజ్జిగ చేస్తూ, ఇవాళ ఎన్ని సంచులు వచ్చాయే అని పనిమనిషిని అడిగి నవ్వేవారు. ముందు వాకిలి వాళ్ళకి పెరట్లో ఎవరున్నారో తెలియదు, పెరటి వాళ్ళకి ముందు ఎవరున్నారో తెలియదు. ఒక తగువులో ఏ దారివాళ్ళు ముందొస్తే ఆయన వాళ్ళ మనిషి, ఆ తర్వాత రెండో దారి మూసేసినట్టే. ఆయన పెట్టుకున్న కట్టుబాటు అది. క్వార్టర్సులో ఆడవాళ్ళం ఆయన్ని మా ప్లీడరు గారు అనే చెప్పుకునేవాళ్ళం, ముందు వాకిలి వాళ్ళు కూడా అలాగే చెప్పుకుంటారని మాకు తట్టేది కాదు.

అలాంటప్పుడు, కృష్ణదేవిపేట వైపు పల్లె నుంచి ఒక జీడితోట కూలీని, బావి మీద మోటారు దొంగిలించాడన్న అనుమానం మీద తీసుకొచ్చి లాకప్పులో పెట్టారు. ఎస్సై గారు దగ్గరుండి బాగా కొట్టించారు. మర్నాడు మధ్యాహ్నం అందరూ ఏదో జాతర బందోబస్తుకి పోతే మావారు ఒక్కరే సెంట్రీ. తాళాలు సెంట్రీ దగ్గరే ఉంటాయి గాని ఆర్డరు లేకుండా తెరిచే హక్కు లేదు. ఆ మనిషి నీళ్ళు అడిగాడట. చువ్వల దాకా పాకలేక గోడ వారనే పడి ఉన్నాడట. మావారు తలుపు తెరిచి, తల పట్టుకుని నీళ్ళు పోసి, అప్పుడు చూశారు అతని కుడి చెయ్యి ఎలా అయిపోయిందో. తర్వాత ఆ మనిషిని ఇంటికి పంపేశారు, తీసుకురాక ముందే చెట్టు మీదనుంచి పడ్డాడని స్టేషనులో రాసుకున్నారు. మోటారు ఎక్కడో దొరికింది. చెయ్యి మాత్రం మళ్ళీ లేవలేదు.

కొన్నాళ్ళకి ఆర్డీవో గారి విచారణ అన్నారు. ఆ వేళ సెంట్రీ ఎవరో చూసి మావారిని రమ్మన్నారు. అన్నం ముందు కూర్చుని ఆయన ఈ సంగతంతా నాకు చెప్పారు. బయట నిలబడ్డాను, ఏమీ చూడలేదు అంటే ఉద్యోగానికి ఢోకా లేదు, అలా అంటే చాలని ఎస్సై గారు కూడా అన్నారట. చూశానంటే తలుపు తెరిచానని ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే ఉద్యోగం ఉండదు. ఏటి సేద్దామంటావు అని నన్నే అడిగారు. నాకు పిల్లల మొహాలు తప్ప ఏమీ కనిపించలేదు.

మర్నాడు నేనే కూరల సంచి పట్టుకుని పెరటి దారిన వెళ్ళాను. అమ్మగారు చింతపండు పిక్కలు తీస్తున్నారు, నేనూ పక్కన కూర్చుని చెయ్యి వేశాను. ప్లీడరు గారు వచ్చారు. మావారి పేరు చెప్పి, ఆ రోజు సెంట్రీ ఆయనేనండీ అన్నానో లేదో, చెయ్యి అడ్డం పెట్టేశారు. "అమ్మా, ఇంకొక్క ముక్క చెప్పకు. ఆ కేసు ముందు వాకిలిలోంచి ముందే వచ్చింది. నీ మాట నేను వింటే నీ భర్తకే నష్టం. యలమంచిలిలో ఒక ప్లీడరు ఉన్నాడు, బేగి ఆయన దగ్గరికి వెళ్ళండి" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది. ఇంతమంది సంచులకి దారిచ్చిన పెరట్లో నాకే దారి లేదా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే, ఆయన వినాలనుకుంటే ఎన్ని మాటలు నా నోటినుంచి లాగేవారో కదా అనిపిస్తుంది.

నేను లేవబోతుంటే ఒకామె చెంబు పట్టుకుని నూతి దగ్గరికి వచ్చింది. అప్పా, కాసిన్ని నీళ్ళు తోడవా, మా ఆయన ముందు అరుగు మీద ఉన్నాడు అంది. తోడి, చెంబు నేనే మోసుకుని ఆమె వెనకే ముందుకి నడిచాను. బల్ల మీద ఒక మనిషి, కుడి చెయ్యి ఒళ్ళో వేరే ఎవరిదో పెట్టుకున్నట్టు పెట్టుకుని ఉన్నాడు. ఆమె చెంబు పట్టుకుంటే అతను తాగాడు. నేనెవరో ఆ ఇద్దరికీ తెలియదు.

"నీళ్ళు తాగినప్పుడల్లా ఆ బాబే గురుతొత్తాడే" అన్నాడు.

"ఓలమ్మ, మళ్ళీ మొదలెట్టీసేడు" అని ఆమె నా వైపు తిరిగింది. "సూడప్పా, తన సెయ్యి పోయిందని ఏడుపు నేదు గానీ ఆ పోలీసోడి కొలువు పోద్దని ఏడుపు. ప్లీడరు బాబు ఎన్ని పాల్లు అడిగినా, తలుపు తీసినోడున్నాడని సెప్పడు."

"సెప్తే ఆడి పిల్లల నోటికాడ కూడు పోద్ది. ఆడు నాకు నీళ్ళు పోసినాడు, నాను ఆడి నోట మన్ను కొట్టనా?"

అతను అన్నది అంతే. ఖాళీ చెంబు చేత్తో పట్టుకుని నేను నూతి దగ్గరికి ఎలా తిరిగొచ్చానో నాకు తెలియదు.

ఇంటికి వచ్చి మావారికి విన్నది విన్నట్టు చెప్పాను. ఆయన బెల్టు బిళ్ళ తోముకుంటూ ఉండి, అది అద్దంలా మెరిసినా ఇంకా తోముతూనే ఉన్నారు. విచారణ రోజున ఆర్డీవో గారి ముందు నిలబడి, తలుపు తెరిచాను, చెయ్యి చూశాను, చెట్టు మీదనుంచి పడ్డ దెబ్బలు కావు అని చెప్పేశారు. ఆ కూలీ నెత్తి కొట్టుకున్నాడట, ఎందుకు సెప్పీసేవు బాబూ అని.

ఎస్సై గారి మీద కేసు నడిచింది. మావారు సస్పెండయ్యారు, తర్వాత ఉద్యోగమూ పోయింది. క్వార్టర్సు ఖాళీ చేశాం. ఆయన జీడిపిక్కల కళ్ళం దగ్గర కాపలా, నేను పిక్కలు కొట్టే పని. ఆ నూనె తగిలి నా వేళ్ళ తోలు ఊడిపోయేది, పిల్లలకి జడ వేస్తే అమ్మా గీరుకుంటున్నాది అనేవారు. కూలీ కేసు ముగిసిన వారంలోనే ప్లీడరు గారు కబురు పంపారు, ఇప్పుడు రమ్మను, పెరటి దారినే రమ్మను అని.

అప్పటినుంచి మావారి ఉద్యోగం కోసం ఆయన కొన్నేళ్ళు పోరాడారు, చివరికి తిరిగి ఇప్పించారు కూడా. కానీ నాకు గుర్తున్నది గెలిచిన రోజు కాదు. ఒక సాయంత్రం పెరటి వసారాలో, మళ్ళీ జరగబోయే విచారణలో ఏం చెప్పాలో ఆయన మావారికి నేర్పుతున్నారు. ఆర్డరు లేకుండా ఎందుకు తెరిచావు, అదొక్కటే వాళ్ళ నేరారోపణ, దానికి మాత్రం తడుముకోకుండా చెప్పాలి అంటున్నారు. మావారు చేతిలో మజ్జిగ గ్లాసు పక్కన పెట్టేశారు.

"నీళ్ళు పోసాను, తల కింద నా తువ్వాలెట్టాను. బయటికొచ్చి మళ్ళీ తాళం ఏసాను బాబూ. నాను తాళం ఏత్తుంటే ఆడు నా ఏపే సూత్తున్నాడు. ఎందుకు తీసేవని ఇంతమంది అడుగుతున్నారు. మళ్ళీ ఎందుకేసేవని ఎవరూ అడగరేటండి?"

ప్లీడరు గారు కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. మా ఇంట్లో వీధి తలుపు మూసుకోకుండా పడుకోవడం ఆ రోజునుంచే మొదలైంది. వానొచ్చినా, కుక్కలొచ్చినా అంతే. దొంగలు పడతారని ఇరుగుపొరుగు వెక్కిరించేవారు, మా ఇంట్లో ఏముందని పడతారు?

మొన్నామధ్య అటువైపు వెళ్ళాను. ప్లీడరు గారి ఇల్లు లేదు, అక్కడ సెల్ ఫోన్ల దుకాణాలు. పెరటి దారికి అడ్డంగా గోడ కట్టేశారు, నుయ్యి ఎక్కడుండేదో కూడా పోల్చుకోలేకపోయాను. ఇప్పుడు స్టేషనుల్లో కెమెరాలు పెట్టారట, ఎవరు తలుపు తీశారో, ఎవరు వేశారో అన్నీ అందులో కనపడతాయట. కనపడితే మంచిదే. కానీ మావారిలాంటి మనిషి, అడిగేవాడు లేకపోయినా తనని తానే అడుక్కుంటూ ముసలివాడైన మనిషి, ఆ బొమ్మలో ఎలా కనపడతాడో నాకు తెలియదు. అంతా బాగుపడిందనీ అనలేను, పాడైపోయిందనీ అనలేను. తలుపులు మాత్రం తమంతట తామే పడిపోవడం నేర్చుకున్నాయి.

ఇక చాలు, కలం పెట్టెయ్యి. ఆ కొత్త తలుపు పడిపోకుండా రోకలి తెచ్చి అడ్డం పెట్టు. పెట్టి, ఇలా నా పక్కన కూర్చుని, మొదట ఆయన అడిగిన మాట దగ్గరనుంచి ఒకసారి చదివి వినిపించవే అమ్మా.